తూము పలకల వంతు

అత్త శవాన్ని మంచంతో సహా నీళ్లలోంచి మోసుకొస్తుంటే కంట్రాక్టరు కారు అద్దం కాస్త దించాడు. "తూము మూసుకున్నది మీరే కదా, నన్నేం చేయమంటారు?" అని మళ్లీ ఎక్కించేశాడు. మంచం కాలు పట్టుకున్న కోడలు ఆ మాట విన్నది. ఆ వాడ మొత్తం వదినా అని పిలిచే మనిషి ఆమె. ఆ వేళ తూము వంతు ఆమెదే. పలకలు దించింది ఆ చేతులే.

వాడకీ సముద్రానికీ మధ్య ఉప్పు చిత్తడి ఉండేది. గడ్డి, బురద, పీతలు. ఎంత వాన పడినా తాగేసేది. సముద్రపు పోటుకి ఉప్పునీరు ఎగదన్నితే కాలవ తూములో చెక్క పలకలు దించాలి, నీరు వెనక్కి తగ్గగానే ఎత్తాలి. ఇంటికొక వంతు. కాపురానికొచ్చిన మర్నాడే అత్త ఆమె చేత పలక పట్టించి, "వంట రాకపోయినా పర్లేదే తల్లీ, ఇది రావాలి" అంది.

ఆ చిత్తడిని కంట్రాక్టరు మట్టితో పూడ్చి గోదాములు కట్టాడు. వాటి వాననీరు పోవడానికి పెద్ద గొట్టం వేసి, దాని మూతి వాడ కాలవలోకి తిప్పాడు. అడ్డం పడితే పోలీసులొచ్చారు. అర్జీ పెడితే ఆఫీసరు చేతులు దులుపుకున్నాడు. మొన్నటి వానలో పోటు లేచింది. వదిన ఎప్పటిలాగే పలకలు దించి చేపల షెడ్డుకి పనికి పోయింది. సముద్రం లోపలికి రాలేదు. గోదాముల నీరు బయటికి పోలేక ఇళ్లలోకి ఎక్కింది. లేవలేని అత్త మంచం మీదే మునిగిపోయింది.

బడి వరండాలో వాడంతా చేరింది.

"ఆ పలకలు దించకపోయుంటే?" అన్నాడు పడవల వడ్రంగి.

"సముద్రమే వచ్చి ముంచేది. ఏం చేసినా చావే మనకి" అన్నాడు వదిన మరిది.

"ఇళ్లొదిలి పోదాం."

"ఎక్కడికి? నీ మామగారి మేడకా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. చేతులకేసి చూసుకుంటూ కూర్చున్న వదిన తలెత్తింది.

"సముద్రానికి వేస్తాం గానీ, పలకలు ఆ గొట్టానికెందుకు వెయ్యం?"

"జైల్లో వేస్తారు వదినా!"

"వెయ్యనీ. అక్కడ మంచమన్నా తడవదు."

వడ్రంగి తన పాత పడవ విప్పి పలకలు కోశాడు.

మళ్లీ వాన వచ్చింది. గొట్టం మూతికి పలకలు బిగించి, జారిపోకుండా ఆడా మగా వీపులు ఆనించారు. నీరు వెనక్కి తన్ని గోదాముల్లో బస్తాలు తడిశాయి. అత్త శవానికి కారు దిగని కంట్రాక్టరు, బస్తాల కోసం పోలీసులతో పరుగున వచ్చాడు.

"ఎవరు మూశారిది?"

"నేనే" అంది వదిన. "ఆ రోజు తూమూ నేనే మూశాను కదా, నువ్వే చెప్పావు."

జుట్టు పట్టి జీపులోకి లాగారు. ఆమె వీపు తీసిన చోట పలక కదిలి నీరు చిమ్మింది. ఇళ్లలో అప్పటికే వాననీరు మోకాటి లోతు. చేతులకి బేడీలు. ఆ పలకని తిరిగి నొక్కలేకపోయింది. ఉన్నది గొంతొక్కటే.

"వంతు ఎవరిదర్రా?" అని అరిచింది.

మరిది వీపు ఆనించాడు. అతని పక్కన వడ్రంగి పెళ్లాం, ఆమె పక్కన మరొకరు. లాఠీలు లేచాయి. జీపు కదిలింది. వాన హోరు మీంచి వాడ మొత్తం ఒకే మాట అంది.

"మాది!"