పత్తికట్టెలు గుచ్చిన చోటు

కృష్ణలో మాకొక ఇసుకతిప్ప ఉంది. అచ్చంపేట నుంచి బండిబాటన దిగితే రేవు, రేవులో పడవెక్కితే తిప్ప. చలికాలానికి నీళ్ళు తీస్తాయి. అప్పుడు పదకొండు ఇళ్ళవాళ్ళం అక్కడ పుచ్చ, దోస పెడతాం. ఇసుకలో మోకాటిలోతు గుంట తీసి, అడుగున పశువుల ఎరువు వేసి, విత్తు పెట్టి, పక్కన ఒక పత్తికట్టె గుచ్చుతాం. గాలికి ఇసుక కదిలి మొక్కను కప్పేస్తుంది. కట్టె ఉంటే మొక్క ఎక్కడుందో తెలుస్తుంది, కాలు పడదు. మా తాతల నాటి నుంచీ అంతే.

తిప్పకు తూర్పు కొసన ఏమీ మొలవని బోడి ఇసుక. పడవ ఆగే లోతు ఆ కొసనే ఉంది కాబట్టి కాయలు మోసే దారి ఆ ఇసుక మీదుగానే పోతుంది. వేసవి మొదట్లో ఏటిపిట్టలు అక్కడే గుడ్లు పెడతాయి. నల్లటి తల, పసుపు ముక్కు, చీలిన తోక. గూడు కట్టవు. ఇసుకను కొంచెం లోతు చేసి రెండో మూడో పెడతాయి. గుడ్డుదీ ఇసుక రంగే. నెత్తిన గంప ఉన్న మనిషికి అది కనపడదు.

ఎనభైమూడులో నా కాలి కింద రెండు పగిలాయి. ఆ పిట్ట రెండు రోజులు నా నెత్తి మీదే తిరుగుతూ అరిచింది. మరుసటి ఏడు కాయ కోతకు ముందే అందరినీ పిలిచాను.

"ఈ ఏడు నీళ్ళ అంచున చుట్టి పోదాం. నెల రోజులు," అన్నాను.

అమీనా బీ గంప దించింది. ఆమె పాదులు నా పాదుల పక్కనే. భర్త పోయాక ఒక్కతే చేసుకుంటోంది.

"అంచున అడుగేస్తే పిక్క దాకా దిగబడతది పున్నయ్యన్నా. నెత్తిన గంపతో ఎట్టా పోవాల? నీకేమన్నా ఆ పిట్టలు జీతమిస్తన్నయ్యా?"

"లేదు."

"మరేంది?"

"తొక్కాను," అన్నాను.

పడవ నడిపే సర్దార్ నవ్వాడు. "ఒప్పుకో ఆపా. బాబాయ్ ఇన్ని మాటలు మాట్లాడి చానా ఏళ్ళయింది. కాదంటే మళ్ళా నోరు తెరవడు."

అమీనా బీ నవ్వలేదు. "సరే. ఒక్క ఏడే. పిల్లలయినయ్యని నా కంటికి చూపించు. చూపించకపోతే వచ్చే ఏడు నేను అడ్డంగానే పోతా. నీ మాట వినను."

మిగతావాళ్ళూ అదే మాట అన్నారు. అడ్డదారి మళ్ళీ తెరుచుకుంటే ఇక నేనేం చెప్పినా ఎవరూ వినరు. పిట్టలకు ఆ తిప్ప తప్ప దగ్గరలో మరో చోటు లేదు.

నేను గుడ్లున్న చోట్లు వెతికాను. పదిహేడు దొరికాయి. అలవాటు కొద్దీ ఎవరైనా పాతదారిన నడుస్తారేమోనని, ఒక్కో చోట ఒక పత్తికట్టె గుచ్చి ఎర్ర గుడ్డపేలిక కట్టాను. మాకు తెలిసిన గుర్తు అదొక్కటే.

ఐదో రోజుకు పన్నెండే మిగిలాయి. పెంకు ముక్క కూడా లేదు. సర్దార్ కుక్క మీద అనుమానం వచ్చింది.

"నీ కుక్కను కట్టెయ్," అన్నాను.

"అది పడవ దిగదు బాబాయ్. కాలికి ఇసుకంటితే దానికి రోత."

"కట్టెయ్."

కట్టేశాడు. మూడు రోజులకు పన్నెండు కాస్తా ఏడయ్యాయి.

ఆ మర్నాడు తెల్లవారకముందే పోయి పాదుల్లో కూచున్నాను. ఎండ పడగానే రెండు కాకులు వచ్చాయి. ఒకటి నా కట్టె మీద వాలింది. పిట్ట దాన్ని తరుముకుంటూ పోయింది. రెండోది దిగి గుడ్డెత్తుకుపోయింది. కాసేపటికి తిరిగొచ్చి ఇంకో కట్టె మీద వాలింది. రెండు కట్టెల మధ్య ఇసుకను అవి చూడనైనా చూడలేదు. అంతకుముందు గాలికి ఒక కట్టె పడిపోతే నేను మళ్ళీ గుచ్చలేదు. అక్కడ మూడు గుడ్లూ ఉన్నాయి.

లేచి కాకుల్ని తోలి, పడినదాన్ని కూడా ఏరుకుని కట్టెలన్నీ పీకేశాను. అప్పటికి గుడ్లున్న చోట్లు ఆరు.

కోతకు వచ్చినవాళ్ళందరి ముందూ చెప్పాను. "కుక్క కాదు. నేనే. కట్టెలు గుచ్చి కాకులకు చూపించాను."

సర్దార్ పోయి కుక్కను విప్పాడు.

"పాదులకు గుచ్చినట్టు గుచ్చావా? కాకులకి విస్తరేసి పిలిచినట్టుంది!" అంది అమీనా బీ. తర్వాత నా చేతిలోని కట్టెల మోపు చూసింది. "వాటిని పారెయ్యబాక. పడమటి కొసన ఉత్త ఇసుకలో గుచ్చు. పేలికలు కూడా ఉండనీ. ఆడ ఎతుక్కుంటయ్ ముండాకాకులు."

అట్లాగే గుచ్చాను. కాకులు నాలుగు రోజులు ఆ కట్టెల చుట్టూనే తిరిగాయి. తర్వాత రావటం తగ్గించాయి.

ఇక మనుషులు తొక్కకుండా చూడాలి. గుర్తు పెట్టే వీల్లేదు. అందుకని పాతదారికి అడ్డంగా గొడుగేసుకుని నేనే కూచున్నాను. నా కాయలు నా ఇంటిది కోసింది. వచ్చేపోయేవాళ్ళు ఏదో ఒకటి అనేవాళ్ళు. "టోల్‌గేటు పెట్టావా పున్నయ్యా?" అని ఒకరు. "పొదుగుతున్నావా?" అని ఇంకొకరు. నేను చేత్తో నీళ్ళ అంచు వైపు చూపించేవాణ్ణి.

నెల నిండిన రోజు అమీనా బీ గంప ఎత్తుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏవీ?"

"నిలబడు."

"ఇసుకే గదా ఉంది."

"కదలకు."

ఆమె గంపతోనే నిలబడింది. ఏటి మీద నుంచి ఒక పిట్ట చేపను ముక్కున పట్టుకొచ్చి వాలింది. ఇసుకలోంచి ఇసుక ముద్ద లాంటిది లేచి దాని వైపు పరుగెత్తింది. ఇంకో పక్క నుంచి ఇంకోటి. ఆమె గంప మీద చెయ్యి బిగించి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది.

"ఐదు. పదిహేడు చోట్లకి ఐదేనా?"

"ఐదే."

"నీ కట్టెలు లేకపోతే ఇంకా ఉండేయి."

"ఉండేవి."

ఆమె ముందు పాతదారి ఉంది. నెల గడువు అయిపోయింది. నేను గొడుగు ముడిచి పక్కకు జరిగాను. ఆమె ఆ దారి వైపు చూసి, గంప సర్దుకుని, నీళ్ళ అంచు వైపు తిరిగింది. రెండో అడుగుకే పిక్క దాకా దిగబడింది. కాలు పీక్కుని ఏదో తిట్టింది.

"వచ్చే ఏడు ఆడ కట్టెలు గుచ్చబాకన్నా," అంది వెనక్కి తిరక్కుండానే. "గొడుగు తెచ్చుకో, చాలు."

నేను పడమటి కొసకు పోయి పదిహేడు కట్టెలూ పీకి, మోపు కట్టి పడవలో వేశాను.