కోయని ఊపిరి

మా ఆయన ఉద్యోగం నా ఊపిరి కోయడం. కంగారుపడకండి, ఆయన సౌండ్ ఇంజనీరు, నేను సీరియళ్ళకి డబ్బింగ్ చెప్తాను. మాటల మధ్య నేను గాలి పీల్చే చప్పుడు వినబడకుండా కంప్యూటర్లో కోసి పారేస్తారు.

ఆమధ్య ఓ సీరియల్లో హీరోయిన్ మంచం పట్టింది. సరిగ్గా అప్పుడే నాకూ ఆయాసం మొదలైంది. "అబ్బ! నిజంగా ప్రాణం పోతున్నట్టే ఉందమ్మా!" అని డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. నేనూ మురిసిపోయాను. పొద్దున్నే వేళ్ళు ముడవలేకపోయినా, పక్కలో పోటొచ్చినా, పాత్రలో లీనమైపోయాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

అనుమానం వచ్చింది మా ఆయనకే. "వాక్యానికో ఊపిరి కోసేవాణ్ణి. ఇప్పుడు మాటకొకటి కోస్తున్నా. పద ఆసుపత్రికి."

డాక్టరమ్మ స్కానూ, రక్తపరీక్షలూ చూసింది. "లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే మీ ఒంటి మీద పడ్డాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, తీసేయాలి."

"మళ్ళీ డబ్బింగ్ చెప్పగలనా?" గొంతు తప్ప నాకు వేరే ఆస్తి లేదు మరి.

"ముందు ఊపిరి రానివ్వండమ్మా."

ఇంతలో డైరెక్టరు ఫోను. నీళ్ళు తీయించుకోవాలని చెప్పాను. "చావు సీనొక్కటే మిగిలింది. అదయ్యాక తీయించుకోకూడదూ?"

ఎన్నడూ గొంతు పెంచని మా ఆయన ఫోను లాక్కున్నారు. "ఆవిడ చావు మీకు సీనేమో, నాకు కాదు!"

నన్ను బల్ల మీదకి వాలి కూర్చోమని, వీపుకి మత్తిచ్చి, సూదితో సీసాడు పచ్చటి నీళ్ళు లాగారు. గుండెల మీద కూర్చున్నవాళ్ళెవరో లేచిపోయినట్టయింది. తర్వాత స్టెరాయిడ్ మాత్రలు. ముఖం ఉబ్బింది. మానేస్తానంటే డాక్టరమ్మ కేకలేసింది, చెప్పకుండా ఆపితే నీళ్ళు మళ్ళీ చేరతాయట. పోనీలే, డబ్బింగ్ వాళ్ళకి ముఖంతో పనేంటి!

నేను కోలుకునేదాకా హీరోయిన్ని కోమాలో పెట్టారు. కోమాలో డైలాగులుండవు కదా.

తిరిగెళ్ళి చావు సీను గడగడా చెప్పేశాను. డైరెక్టరు పెదవి విరిచాడు. "బానే ఉంది గానీ, ఆ పాత ఆయాసం రాలేదమ్మా."

"రాదు బాబూ. ఆసుపత్రిలో వదిలేసొచ్చా!"

అందరూ వెళ్ళిపోయాక చూద్దును కదా, మా ఆయన రికార్డింగ్ గది అద్దం వెనక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనూ ఓ చెవి పెట్టి విన్నాను. డైలాగులన్నీ తీసేసి, నా ఊపిర్లు మాత్రమే వరసగా అతికించారు.

"ఇవి కోసి పారేయరా?"

"ఇవాళ కోయను" అన్నారు.