నేను కూర్చున్న చోటు

మా క్యాంపులో నా పని కోతుల వెంట నడవడం. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి కాబట్టి డాక్టరమ్మ నాకు రాత పెట్టలేదు, గుర్తులు నేర్పింది. చేతి గడియారం పావుగంటకోసారి కూస్తుంది. అప్పుడు గుంపు తింటుంటే చుక్క, నడుస్తుంటే గీత, పడుకుంటే సున్నా. పక్కన చెట్టు నంబరు. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు. అడవి ఎలా ఉంటే కోతులు ఎలా నడుస్తాయో కనిపెట్టే చదువు ఆవిడది.

అలా మూడేళ్ళు నడిచాను. ఆ అడవిలో వెలుతురు నేల దాకా రాదు. పైన ఆకుల్లోనే నాని, పచ్చటి ఆవిరిలా కిందికి తేలుతుంది. నడుస్తున్నానో ఈదుతున్నానో ఒక్కోసారి తెలిసేది కాదు.

ఎండాకాలం చివర డాక్టరమ్మ గోడకి పటం అతికించింది. కొండవాలు మీద ఎక్కడ చూసినా సున్నాలే.

"చూశావా తాతా, మధ్యాహ్నం వేడికి అన్నీ ఇక్కడే ఆగుతున్నాయి. కొత్త రోడ్డు వాలు మీదుగా వద్దు, కింద లోయలోంచి వేసుకోండని సోమవారం రోడ్డువాళ్ళకి రాసిచ్చేస్తా."

లోయలో చెట్లు కొట్టేస్తారన్నమాట. తలూపాను.

మర్నాడు మోకాలు సలిపి వాలు ఎక్కలేకపోయాను. గుంపు పైకి పోయింది. పోతే పోనీ అనుకుని లోయలోనే ఒక వేరు మీద కూలబడ్డాను. కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి తలపైన తోకలు వేలాడుతున్నాయి. గుంపంతా వెనక్కి వచ్చి నా మీది కొమ్మల్లో పడుకుంది. చిల్లుచెవి అని మేం పిలుచుకునే ముసలి కోతి ఒక్కటే మేలుకుని నావంక చూస్తోంది.

లేచాను. అది లేచింది. పది అడుగులు వేసి కూర్చున్నాను. అదీ కూర్చుంది. మిగతావి నిద్రకళ్ళతోనే కొమ్మ మారి దాని పక్కన చేరాయి.

గడియారం కూసింది. సున్నా పెట్టడానికి చెయ్యి రాలేదు.

మూడేళ్ళుగా వాలు మీద ఆగింది నేను. అక్కడికి చేరేసరికి మోకాలు మొరాయించేది. మనిషి ఉన్నచోట కోతిపిల్లల్ని తన్నుకుపోయే డేగ దిగదు. అది కనిపెట్టి నా దగ్గర కునుకు తీశాయి, అంతే.

రాత్రి అన్నానికి కూర్చున్నాను. క్యాంపులో వంట మా ఆవిడే. "ఏమయ్యా, కంచంలో గీతలు గీస్తున్నావ్?" అంది.

చెప్పాను.

"మరి ఆ పిల్లకి చెప్పవేం?"

"ఆవిడ మూడేళ్ళ కష్టం. మట్టిలో కలిసిపోతుంది."

"చెట్లు కొట్టేశాక చెప్తావా? నలభై ఏళ్ళలో నాతో నువ్వాడిన మాటలు ఓ పేజీకి రావు. మిగతావన్నీ ఎవరికోసం దాచావ్? వెళ్ళు, ఖర్చుపెట్టు."

వెళ్ళి నాలుగు ముక్కల్లో చెప్పాను. డాక్టరమ్మ పటం దగ్గరికి వెళ్ళి సున్నాల మీద వేలు పెట్టింది.

"అంటే ఈ సున్నాలు కోతులవి కావు. నీ మోకాలివి." నవ్వబోయింది గానీ కళ్ళు నిండాయి. "ముందే చెప్పొచ్చుగా తాతా!"

"ఇవాళే తెలిసిందమ్మా."

సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. నేను లేకపోతే గుంపు ఎక్కడ ఆగుతుందోనని ఎదురు కొండమీద బండ చాటున ఇద్దరం బోర్లా పడుకుని దుర్భిణీలో చూశాం. మొదటిరోజు గుంపు వాలు మీదికే వచ్చింది. చిల్లుచెవి చెట్టు దిగి, నేను కూర్చునే రాతి దాకా వచ్చి, అటూ ఇటూ చూసింది. రాతిని వాసన చూసింది. నేను మోచేతుల మీద లేచాను.

"ఒక్క కేక వేస్తానమ్మా..."

"వద్దు తాతా, నీకు దణ్ణం పెడతా." నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అంతలో వాలు మీద డేగ నీడ జారింది. గుంపు ఒక్కసారిగా లోయలోకి దూకింది. ఆకులు నీళ్ళలా మూసుకున్నాయి. సాయంత్రం దాకా బయటికి రాలేదు. తర్వాతి రెండు రోజులు అసలు వాలు ఎక్కనే లేదు.

ఆదివారం సాయంత్రం డాక్టరమ్మ పటం ఊడదీసి కొత్త కాగితం తీసుకుంది.

"మూడు రోజులు చూసి తేల్చేది కాదు తాతా. ఇంకో ఏడాది రోడ్డు ఆపమని అడుగుతా. నా చదువూ ఏడాది వెనక్కి. ఏం చేస్తాం. లోయలో ఏమేం చెట్లున్నాయో చెప్పు, ఒక్కటీ వదలకుండా రాయాలి."

మేడి అన్నాను. జువ్వి. నేరేడు. వాగు మలుపులో రెండు నిలువుల ఎత్తు వేర్లున్నది, దాని పేరు నాకూ తెలీదన్నాను. పేరు లేకపోయినా రాస్తానంది. చెప్తూనే ఉన్నాను. కిటికీ అవతల లోయ మీద కొమ్మలు కదులుతున్నాయి. గాలికో, కోతులకో తెలియలేదు.