పాత కాలేజీ వదల్లేదు

"ఇది నాది కాదు సార్. ఇంకెవరిదో నాకు పంపారు," అంది కొరీన్ హుడాక్. తెర మీద, లా స్కూళ్ళకి లెక్క కట్టి పంపిన సగటు 3.34 అని ఉంది. మూడేళ్ళుగా ఆమె గొప్పగా చెప్పుకుంటున్న సగటు నాలుగుకి 3.9.

లా స్కూలు దరఖాస్తుల గురించి పిల్లలకు సలహాలిచ్చే టీస్‌డేల్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే మంచి కబురు కాదని ఆ కాలేజీలో అందరికీ తెలుసు.

"నీదేనమ్మా. 3.9 ఇక్కడికొచ్చాక తెచ్చుకున్నది. అంతకుముందు వేరేచోట ఒక సెమిస్టర్ ఉన్నావు కదా?"

"ఉన్నానని కూడా అనలేను సార్. నాన్నకి గుండెపోటొస్తే సగంలో వచ్చేశాను."

"మానేస్తున్నానని వాళ్ళకి చెప్పావా?"

తండ్రి ఆసుపత్రిలో పడి ఉంటే, శుక్రవారం అమ్మకానికి చర్చిలో పియెరోగీలనే కూరిన కుడుములు ఒత్తాల్సిన తల్లి ఆయన మంచం పక్కనుంచి కదలకపోతే, ఆమె బదులు ఆ పిండి ముందు కూర్చున్న పిల్లకు కాలేజీ గుర్తుంటుందా? కొరీన్ చెప్పలేదు. చెప్పకుండా మానేసిన ఐదు సబ్జెక్టులకూ అక్కడివాళ్ళు ఐదు ఎఫ్‌లు, అంటే ఐదు సున్నాలు, వేసి కూర్చున్నారు.

"కానీ అవి నాతో ఇక్కడికి రాలేదుగా సార్!"

"ఈ కాలేజీ తీసుకోలేదంతే. లా స్కూళ్ళకి లెక్క కట్టేవాళ్ళు నువ్వు డిగ్రీకని తొక్కిన ప్రతి గుమ్మం మార్కులూ కలిపేస్తారు. కాలేజీ మారావని ఎవరూ నిన్ను చిన్నచూపు చూడరు. మారితే పాతవి చెరిగిపోతాయనుకున్నావే, అక్కడే దెబ్బతిన్నావు."

కొరీన్ మళ్ళీ తెర వైపు చూసింది.

"మరి నేను అనుకున్న స్కూలు?"

"కష్టం. ఆశ లేదని అనను. అప్పుడేం జరిగిందో రాసి జతచేద్దాం, మీ నాన్నగారి ఆసుపత్రి కాగితాలు పెడదాం. ఇంకో రెండు చిన్న స్కూళ్ళు కూడా చూద్దాం."

ఆమె తలూపింది గానీ సగం వినలేదు. మెట్ల దగ్గరికొచ్చేసరికి ఇంకో సంగతి తట్టింది. చెల్లెలు ట్రీనా! ఈరీ ఊళ్ళో కాలేజీలో మొదటి ఏడాది చదువుతోంది. వచ్చే ఏడాది ఇక్కడికి మారి, అక్కలాగే లా చదవాలని దాని కోరిక. కెమిస్ట్రీ ఏడిపిస్తోందని పోయిన నెల మొత్తుకుంటే, ఈవిడగారు ఆరిందాలా సలహా ఇచ్చింది. కొరీన్ వెంటనే దానికి ఫోన్ చేసింది.

"ఒసేయ్, కెమిస్ట్రీ క్లాసుకి వెళ్తున్నావా?"

"భలేదానివే అక్కా! ఊరికే మానెయ్, అవేవీ మన వెంట రావు అని నువ్వే అన్నావుగా. కెమిస్ట్రీ ఒక్కటే ఏంటి, లెక్కలు కూడా మానేశా. హాయిగా ఉంది."

"ఆ క్లాసుల్లోంచి పేరు తీయించుకున్నావా?"

"దానికి గడువు పోయిన శుక్రవారమే అయిపోయింది. ఎందుకూ?"

కొరీన్‌కు ఎఫ్‌లు వచ్చినప్పుడు కనీసం ఆసుపత్రి ఉంది, నాన్న ఉన్నాడు. దీనికి చెప్పుకోడానికి అక్క మాట తప్ప ఏముంది?

"అవన్నీ మన వెంట వస్తాయే! రేపట్నుంచి రెండు క్లాసులకీ వెళ్ళు. లెక్చరర్ల కాళ్ళు పట్టుకుంటావో, ఏడుస్తావో, పరీక్షలు మాత్రం రాయి. నేను బయల్దేరి వస్తున్నా, కూర్చోబెట్టి చదివిస్తా."

"అక్కా... నీకెంత వచ్చింది?"

కొరీన్ చెప్పింది. "రేపు కెమిస్ట్రీ క్లాసు ఎన్నింటికో చూస్తానుండు," అంది ట్రీనా.