జడ్జిగారు మరిచిపోవాలి

నా చిన్నతనంలో మా ఏటి మొసళ్ళు ఎంత పొడుగుండేవంటే, తల సోమవారం దాటితే తోక మంగళవారం దాటేది. పడవెక్కిన పరదేశులకు ఈ మాట ఒట్టేసి మరీ చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. ఎర్ర రామచిలుకల్ని, కొమ్మల్లో అరిచే కోతుల్ని చూసి సంబరపడతారు. కానీ మొసలి కనపడందే ఎవరికీ తృప్తి ఉండదు.

ఇప్పుడున్న మొసలి నా పడవంత ఉంటుంది. ఒడ్డున అరకన్ను వేసి, అందరి మాటా వింటున్నట్టు నటిస్తుంది కాబట్టి దానికి జడ్జిగారని పేరు పెట్టాను. మా అల్లుడు ఎవేలియో ఆయనకు కోడిమాంసం అలవాటు చేశాడు. పడవ ఆపి అరచేత్తో నీటిని చప్పుచప్పున కొడితే చాలు, జడ్జిగారు ఎక్కడున్నా ఈదుకుంటూ వచ్చి నోరు తెరుస్తారు.

వద్దురా అన్నాను.

"నువ్వు కోతలు కోస్తావు మామా, నేను కోడిని కోస్తాను. ఎవరి పడవ నిండుతోందో చూడు" అన్నాడు.

నిండుతున్నది వాడి పడవే.

మా అమ్మాయి డెల్ఫీనా మడ అడవిలో ఆల్చిప్పలు ఏరుతుంది. మా ఊరి ఆడవాళ్ళ పని అదే. సముద్రపు పోటు తగ్గి నీరు తీశాక బురదలో మోచేతిదాకా చెయ్యి దూర్చి వెతుకుతారు. బుట్ట నిండితే ఏట్లోకి దిగి, దాన్ని నీటిమీద చప్పుచప్పున కొట్టి బురద వదిలిస్తారు. మా అమ్మమ్మల నాటి నుంచీ అంతే. ఆ చప్పుడూ ఈ చప్పుడూ ఒకటేనని మాలో ఎవరికీ తట్టలేదు. జడ్జిగారికి తట్టింది.

ఒక పొద్దున డెల్ఫీనా మోకాలిలోతు నీళ్ళలో బుట్ట కొడుతుంటే జడ్జిగారు ఎదురుగా తేలారు. మీద పడలేదు. నోరు తెరుచుకుని ఎదురు చూశారంతే. మా అమ్మాయి బుట్టను ఆ నోట్లోకి విసిరేసి, మడ చెట్ల వేళ్ళు పట్టుకుని పైకి పాకింది.

"బుట్టేదే?" అన్నాడు ఎవేలియో, ఇంటికి రాగానే.

"నీ చుట్టం తిన్నాడు. రేపు నన్ను తింటాడు. వంట నువ్వే చేసుకో."

సంగతంతా విని వాడి మొహం పాలిపోయింది. "అటవీ శాఖ వాళ్ళతో పట్టించేద్దాం" అన్నాడు.

"దాని తప్పేముంది? పిలిచావు, వచ్చింది. అది పోతే ఇంకోటొస్తుంది, దానికీ కోడి పెడతావు. నేను మాత్రం ఆల్చిప్పలు మంచంమీద కడుక్కోవాలా?"

వాడు నా వైపు తిరిగాడు. "మామా, నువ్వైనా ఏదో ఒకటి చెప్పు."

చెప్పడానికి నాకు ఒక్క కోతా దొరకలేదు. "నేర్పినవాడివి నువ్వే. మరిపించాల్సిందీ నువ్వే" అన్నాను.

అప్పటి నుంచి ఆడవాళ్ళు ఏటి దరికి పోవడం మానేశారు. ఎవేలియో మాత్రం రోజూ పడవలో వెళ్ళి నీటిని కొట్టేవాడు. జడ్జిగారు వచ్చేవారు, నోరు తెరిచేవారు. వీడు ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కోడి వేయని పడవ మనకెందుకని పరదేశులు పక్క ఊరి పడవలకు మళ్ళారు. వానలు పట్టాయి.

"దాని మొహం చూడలేకపోతున్నా మామా. మాటిచ్చి తప్పినట్టుంది" అన్నాడొకనాడు.

"మొసలికి మాటివ్వమని ఎవడన్నాడు?" అన్నాను గానీ, నాకూ అలాగే ఉంది. మచ్చిక చేసుకున్నామనుకున్నాం. దానికి మేం నేర్పింది స్నేహం కాదు, మనిషి దగ్గర తిండి ఉంటుందని. పెట్టే చెయ్యి ఎక్కడ ఆగుతుందో, తినే ముద్ద ఎక్కడ మొదలవుతుందో అదెలా తెలుసుకుంటుంది పాపం?

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున ఎవేలియో నీటిని కొట్టాడు. అవతలి ఒడ్డున జడ్జిగారు ఒక కన్ను తెరిచి చూశారు. మళ్ళీ మూశారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కన్ను కూడా తెరవలేదు.

ఆ వారమంతా చూసి, డెల్ఫీనా కొత్త బుట్ట తీసుకుని వచ్చింది. ఎవేలియో ఆమెకంటే ముందు ఏట్లోకి దిగి, లోతు వైపు నిలబడ్డాడు.

"నువ్వెందుకు అడ్డం?"

"నాకు నీకంటే కండెక్కువ. ముందు నన్ను చూస్తాడు."

"సరేలే, కదలకు."

ఆమె బుట్ట ఎత్తి నీటిమీద గట్టిగా కొట్టింది. ఒడ్డున నేను, నీళ్ళలో వాళ్ళిద్దరు, ముగ్గురం ఏటిని చూశాం. అలలు పోయి మడ వేళ్ళకు తగిలి అక్కడే ఆగిపోయాయి.

"ఇంకోసారి కొట్టు" అన్నాడు ఎవేలియో.

"ఊరికే కొట్టడమేంటి? ఆ అంచు పట్టుకో, కడుగుదాం" అంది మా అమ్మాయి.