కిటికీ దగ్గరికి రాని పొగ

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. వెనకాల నిలబడ్డ తల్లీ, నువ్వూ ముందుకొచ్చి కూర్చో. చలికి చేతులు దాచుకోండి గానీ చెవులు దాచుకోకండి. పైవాడి దయవల్ల ఇవాళ నా గొంతు బాగుంది, చెప్పాల్సిన సంగతీ ఒకటుంది.

ఒక ఊళ్లో, ఒక సందులో ఎదురెదురుగా రెండిళ్లు. వాటిలో ఇద్దరు తోడికోడళ్లు. పెద్దామె కోట్లు కుడుతుంది. చిన్నామె పుస్తకాలకి అట్టలు కడుతుంది. భర్తలు అన్నదమ్ములు, పొద్దున్నే కబుర్లాడుకుంటూ బస్సు డిపోకి కలిసే వెళ్తారు. వీళ్లిద్దరికీ మాత్రం పద్నాలుగు నెలలుగా మాటల్లేవు. చిన్నామె వేరు కాపురం పెట్టిన రోజున పెద్దామె, "పొయ్యి ఎలా వాడాలో చూపిస్తాను, రావే" అంది. చిన్నామె, "పొయ్యి ముట్టించడానికి కూడా నీ దగ్గర పాఠాలు చెప్పించుకోవాలా?" అంది. అంతే, రెండు తలుపులూ మూసుకున్నాయి.

రెండిళ్లలోనూ గది వెచ్చగా ఉండటానికి, కప్పు మీదికి పొగగొట్టం ఉన్న ఒకేలాంటి ఇనుప పొయ్యిలు. పెద్దామె రెండేళ్లు ఎండిన కట్టెలే వాడుతుంది. రెండు ముక్కలు తీసుకుని కొట్టి చూస్తుంది. ఖణేల్‌మంటేనే లోపలికి తెస్తుంది. పొయ్యి కిందుండే గాలి ద్వారం బార్లా తెరిచి, మంట బాగా అందుకున్నాకే కాస్త తగ్గిస్తుంది. అందుకే ఆమె గొట్టం మీద పొగ కనిపించదు. వేడికి గాలి సన్నగా వణుకుతూ ఉంటుంది, అంతే. చిన్నామెది అలా కాదు. పచ్చి కట్టెలు కుక్కేసి, ఎక్కువసేపు వస్తాయని గాలి ద్వారం బిగించేస్తుంది. ఇక చూడండి, పొగే పొగ.

ఆ ఊళ్లో పొగ తీరే వేరు. పొయ్యి ఎవరు ముట్టిస్తే వాళ్ల రూపంలో బయటికొస్తుంది. వాళ్ల మనసు ఎటు లాగితే అటు వెళ్తుంది.

చిన్నామె పొగ రోజూ సందు దాటి, పెద్దామె కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడేది. "కాస్త పక్కకి జరుగమ్మా" అని పోస్ట్‌మ్యాన్ దాన్ని తప్పించుకుని ఉత్తరాలు పడేసేవాడు. పెద్దామె చూసీ చూడనట్టు సూదిలో దారం ఎక్కించేది. రెండు కుట్లు వేసి లేచేది. గదిలో ఒక చుట్టు తిరిగి మళ్లీ కూర్చునేది. "వెలుతురుకి అడ్డం!" అని విసుక్కునేది గానీ, తెర మాత్రం ఏనాడూ వెయ్యలేదు.

ఒక పొద్దున చిన్నామె రొట్టెల దుకాణానికి వెళ్లింది. దుకాణం ఆవిడ అందరి ముందూ, "నిన్న నీ పొగ మీ అక్క కిటికీ దగ్గర కళ్లు తుడుచుకుంటోందమ్మా. అంత బెంగ ఉన్నదానివి నువ్వే వెళ్లొచ్చుగా? పాపం, పొగనెందుకు నిలబెడతావ్ చలిలో?" అంది. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

చిన్నామెకి తల కొట్టేసినట్టయింది. విసవిసా ఇంటికొచ్చింది. పొయ్యిలో మంటలు తగ్గి నిప్పులు కాగానే, గొట్టం మధ్యలో ఉండే రేకు మూతని అడ్డంగా తిప్పేసింది. "ఇప్పుడెలా వెళ్తావో నేనూ చూస్తా" అంది పొగతో. కిటికీలు బిగించి జిగురు గిన్నె ముందు కూర్చుంది. నిప్పుల్లోంచి వచ్చే విషవాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఆ సంగతి చెప్పాల్సిన మనిషి ఎదురింట్లో ఉంది.

పదైంది. కిటికీ ముందు పొగ లేదు.

"హమ్మయ్య, ఇవాళ వెలుతురు" అనుకుంది పెద్దామె. కానీ చెయ్యి ఆడలేదు. గుండీ కుట్టాల్సిన చోట కాజా కోసేసింది. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. "నేర్చేసుకుందా ఏంటి, నేను లేకుండానే?" అని కాస్త కోపం కూడా వచ్చింది. కిటికీ దగ్గరికెళ్లి చూసింది. ఎదురింటి అద్దాల మీద మంచు కరిగి నీళ్లు కారుతున్నాయి. అంటే పొయ్యిలో నిప్పుంది. గొట్టం వైపు చూసింది. పొగ లేదు. సరే. కానీ గాలి కూడా వణకడం లేదు.

"మరి ఆ నిప్పుల గాలంతా ఎటు పోతోంది?"

కత్తెర పడేసి, ఒంటి చెప్పుతో సందు దాటింది. భుజంతో తలుపు తోసింది. ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి కిటికీలు తెరిచింది. చిన్నామె బల్ల మీద తల వాల్చేసి ఉంది, చెంపంతా జిగురు. చంకల కింద చేతులేసి గడప బయటికి ఈడ్చుకొచ్చింది. అప్పుడే సందులోకి వచ్చిన పోస్ట్‌మ్యాన్ సంచీ అక్కడే వదిలేసి డాక్టరు కోసం పరుగెత్తాడు.

"దేవుడా, దీని నోరు మళ్లీ నా మీద లేచేలా చెయ్యి స్వామీ, ఇంకేం అడగను" అంటూ పెద్దామె ఆ చెంపలు రుద్దింది.

కాసేపటికి చిన్నామె కళ్లు తెరిచింది. "అక్కా... నా పొగ రాలేదనే వచ్చావా?"

"వస్తే విసుగు, రాకపోతే భయం. నిన్నేం చెయ్యాలే నేను?"

డాక్టరు చూసి, "ఇంకో పావుగంట ఆలస్యమైతే నాతో పనుండేది కాదు" అన్నాడు.

మర్నాడు, పొయ్యి పూర్తిగా చల్లారాక, అన్నదమ్ములిద్దరూ గొట్టం దులిపారు. తారులాంటి మసి రెండు బకెట్లు రాలింది. పెద్దామె బూడిదని మూతున్న ఇనుప డబ్బాలో పోసి ఇంటికి దూరంగా పెట్టించింది. తన ఎండు కట్టెలు మోసుకొచ్చింది. "లోపల ఒక్క నిప్పు ఉన్నా ఈ రేకు మూసెయ్యకు. గాలి లోపలికి రావాలి, పొగ బయటికి పోవాలి. అంతేనే పాఠం" అని తనే ముట్టించింది.

ఎంత మంచి పొయ్యైనా ముట్టించిన మొదటి నిమిషం కాస్త పొగ వదులుతుంది కదా. ఇద్దరూ సందులో నిలబడి తలెత్తి చూశారు. మెడలో కొలత టేపుతో, అచ్చం పెద్దామెలా ఒక చిన్న పొగ బయటికొచ్చింది. అది సందు దాటలేదు. ఎటూ పోలేదు. చిన్నామె ఇంటి కప్పు మీదే కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

చిన్నామె చాలాసేపు చూసింది. "అక్కా, నీ పొయ్యి నువ్వెన్నింటికి ముట్టిస్తావు?"

"తెల్లారకముందే."

"అంత చీకట్లోనా? ఎందుకూ?"

పెద్దామె మెడలో టేపు వేలికి చుట్టుకుంటూ, "నా పొగ ఎటు వెళ్తుందో ఎవరి కంటా పడకూడదని" అంది.

ఇదీ సంగతి. మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, పెద్దామె చేసిన ఆ ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. ఎదురింట్లో రోజూ కనిపించేది ఒకరోజు కనిపించకపోతే, చేతిలో పని పక్కన పడేసి వెళ్లి తలుపు తట్టండి. కోపాలున్నా సరే తట్టండి. ఏదీ, లేచేముందు మీ పక్కవాళ్లకి ఒక్కసారి ఈ మాట చెప్పండి. నేను వింటాను.