నాలుగేళ్లు కడిగిన చేను

తొంభై ఒకటో ఏట రంగరాజుగారు పోయేనాటికి ఆయన పాదాల పగుళ్లలో ఇంకా చేలోని మట్టి ఉంది. వానాకాలపు సార్వా కోతలు పూర్తయ్యేదాకా ఆగారు. కళ్లంలోంచి ధాన్యం లేచిన మూడో రోజు పొద్దున్నే కాఫీ తాగి మంచం మీద ఒరిగారు, అంతే. పదకొండో రోజు భోజనాలకు ముందు సంతాప సభ పెడదామని ఊళ్లోవాళ్లు అన్నారు. మాట్లాడవలసింది ఒక్కగానొక్క కొడుకు శ్రీనివాసరాజు.

మాట్లాడటమంటే శ్రీనివాసరాజుకు భయం లేదు. భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పై రెండేళ్లు నీటి ప్రవాహాల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. క్లాసు మొత్తం నిద్రపోయినా ఆపకుండా చెప్పగలడని పేరు. ఆ రోజు పొద్దున్నే కూర్చుని ‘నేనొక రైతుబిడ్డను’ అని మొదలుపెట్టి నాలుగు పేజీలు రాశాడు. రాసింది చదువుకుంటే తన కళ్లే చెమర్చాయి. తీసుకెళ్లి భార్య శ్రీసత్య చేతిలో పెట్టాడు. ఆవిడ అరటాకులు తుడుస్తూనే చదివింది.

“బాగుందండి. ఇందులో మీరు ఇరవై మూడుసార్లు వచ్చారు. మావయ్యగారు రెండుసార్లు వచ్చారు. అందులో ఒకసారి మిమ్మల్ని కాలేజీలో చేర్పించడానికి.”

శ్రీనివాసరాజు నొచ్చుకుని గదిలోకి వెళ్లి తనూ లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు.

సరే, నాన్నగారి గురించే రాద్దామని కొత్త కాగితం తీశాడు. ‘నాన్నగారు స్వర్ణ రకం వరి పండించేవారు’ అని రాశాక, ఈ ఏడు వేసింది స్వర్ణేనా అని అనుమానమొచ్చింది. ఏడెకరాల చేలో నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో కూడా తనకు తెలియదు. ఇక లాభం లేదని, నలభై ఏళ్లుగా తమ చేలో ఊడ్పుల ముఠాకి పెద్దగా ఉన్న వీరదుర్గ దగ్గరికి నడిచాడు. ఆమె చేలో గడ్డి మోపు కడుతోంది. నాన్నగారి గురించి ఏం చెప్పమంటావని అడిగాడు. ఆమె పని ఆపకుండానే మురుగు కాలువ పక్కనున్న రెండెకరాల వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

పన్నెండేళ్ల కిందట ఆ రెండెకరాల్లో రొయ్యల చెరువు తవ్వించింది శ్రీనివాసరాజే. గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి తండ్రికి గంటసేపు వివరించాడు. చదువుకున్నవాడివి, చూసి చెయ్యమని ఆయన తలూపారు. నీటి ప్రవాహాల మాస్టారు తవ్వించిన ఆ చెరువుకి నీళ్లు పోయే తూము చెరువు అడుగుకన్నా జానెడు ఎత్తులో ఉంది, కింది నీళ్లు బయటికి పోవు. మొదటి పంట ఎలాగో గట్టెక్కింది. రెండో పంటకి వైరస్ వచ్చి రొయ్యలన్నీ తేలిపోయాయి. సరిగ్గా అప్పుడే మాస్టారికి పరీక్ష పేపర్లు దిద్దే పని గుర్తొచ్చి భీమవరం వెళ్లిపోయాడు.

డెబ్బై తొమ్మిదేళ్ల రంగరాజుగారు చెరువు పూడ్పించారు. నేలంతా ఉప్పు తేలింది. కాలువ నీళ్లు పెట్టి, నిలవగట్టి, మురుగులోకి వదిలి, మళ్లీ పెట్టి, పచ్చిరొట్టకి జీలుగ చల్లి కలియదున్ని, నాలుగేళ్లు కడిగారు.

“వారానికోసారి మట్టి తీసి నాలిక మీద పెట్టుకునేవారండి,” అంది వీరదుర్గ. “ఇంకా ఉందే దుర్గా అని ఊసేవారు. నాలుగో ఏడు ఊయలేదండి. మింగేశారు.”

శ్రీనివాసరాజుకు ఆ సంగతి తెలియదు. తెలిసిన సంగతి ఇంకొకటుంది. అది ఆమెకు చెప్పలేదు. ఆ రోజుల్లో ఓసారి టీకొట్టు దగ్గర పక్క చేను బుల్లబ్బాయిగారు, ఈ వయసులో రొయ్యల మీద మోజేంటండీ అని రంగరాజుగారిని ఆటపట్టించారు. పుట్టిందయ్యా, ఏం చేస్తాం అని ఆయన నవ్వేశారు. కొడుకు పక్కనే ఉన్నాడు. రాని ఫోన్ చెవికి పెట్టుకుని దూరంగా నడిచాడు. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత ఎవరడిగినా, పెద్దవాళ్లు మన మాట వింటారా అండీ అని తనే నిట్టూర్చేవాడు.

సభలో మైకు అందుకున్నాక నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెరువు ఆలోచన తనదేనని, తూము తనే పెట్టించానని, నింద నాన్నగారు మోశారని, తను మోయించానని చెప్పాడు. చెప్పి, ఊరంతా నిర్ఘాంతపోవడానికి వీలుగా కాసేపు ఆగాడు. ఎవరూ నిర్ఘాంతపోలేదు. వెనకెక్కడో ఎవరో మంచినీళ్లు అడిగారు.

ముందు వరస కుర్చీలోంచి బుల్లబ్బాయిగారు అన్నారు, “అది మాకు అప్పుడే తెలుసండి. రొయ్య ఒంటికి పడక వాసన వస్తేనే లేచిపోయే మనిషి రొయ్యల చెరువు తవ్వాడంటే ఎవరు నమ్ముతారు? ఆయన నమ్మమన్నారు, మేం నమ్మినట్టే ఉన్నాం.”

జనం నవ్వారు. శ్రీనివాసరాజూ నవ్వాడు. పన్నెండేళ్లపాటు అంత జాగ్రత్తగా దాచిన రహస్యం ఒక్క తనకే రహస్యమన్నమాట. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. కండువాతో ముక్కు చీదితే మైకు ఆ చప్పుడును కాలువ గట్టు దాకా వినిపించింది. శ్రీసత్య వచ్చి మైకు తీసుకుని, భోజనాలకు లేవండని చెప్పింది.

ఆ ఎండాకాలపు దాళ్వాకి రెండెకరాలు తనే చేస్తానన్నాడు శ్రీనివాసరాజు. మొదటి నారుమడిలో నీళ్లు ఎక్కువై మొలకలు తేలిపోయాయి. ఇంకోసారి గట్టు తెగింది. ఆ పొద్దున బుల్లబ్బాయిగారు ఫోన్ చేసి, మీ నీళ్లు మా చేలోకి చుట్టపుచూపుగా వచ్చాయండి, ఎప్పుడు తీసుకెళ్తారని ఎంతో మర్యాదగా అడిగారు. పంట తండ్రిగారి పంటకన్నా ఎకరానికి ఏడు బస్తాలు తగ్గింది. అయినా మొదటి బస్తా కుట్టు విప్పి, చెయ్యి పెట్టి ధాన్యం చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

సార్వాకి కూడా నారు తనే పోస్తానన్నాడు. వీరదుర్గ వద్దనలేదు. బుల్లబ్బాయిగారి మడిలో మాత్రం రెండెకరాలకి సరిపడా నారు ఎక్కువ పోయించింది.